పహరా కాదు, పరిచయం

రాత్రి ఎనిమిది దాటాక లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వెళ్లే దారిలో ఏ స్తంభానికి దీపం లేదో, ఏ మలుపులో బైకులు ఆగి ఉంటాయో, ఎక్కడ అడుగు వేగం పెంచాలో యూనివర్సిటీలో చదివే అమ్మాయిలు ఠక్కున చెబుతారు. పక్కనే ఉన్న పోలీసు స్టేషన్‌కు మాత్రం ఆ సంగతులు చాలాసార్లు చేరవు. క్యాంపస్ భద్రతలో పూడ్చవలసిన లోటు ఇదే.

2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్ ఈ దూరాన్ని కొంత తగ్గించాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర మాటు వేసి, అమ్మాయిలను వేధించేవారిని పట్టుకుంటున్నాయి. వాట్సాప్‌లోనూ ఫిర్యాదులు తీసుకుంటున్నాయి. స్టేషన్ మెట్లెక్కడానికి జంకే అమ్మాయికి ఇది పెద్ద ఊరట.

అయితే విద్యార్థులకు పోలీసులతో పాత అనుభవాలూ ఉన్నాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర బారికేడ్లను, బాష్పవాయువును చూసినవారికి ఖాకీ కనబడగానే లాఠీ గుర్తొస్తే తప్పుపట్టలేం. గొడవ రోజున వ్యాన్లలో దిగే పోలీసుల మీద నమ్మకం కుదరదు. మామూలు రోజుల్లో వచ్చి, హాస్టల్ విద్యార్థులతో కూర్చుని, చెప్పింది ఓపికగా వినే అధికారి మీదే కుదురుతుంది. ఒక మహిళా ఎస్సైకి కనీసం ఒక విద్యాసంవత్సరమైనా అదే క్యాంపస్ బాధ్యత అప్పగిస్తే ఆ పరిచయం ఏర్పడుతుంది.

భద్రత పేరుతో అమ్మాయిలను పెందలాడే లోపలికి పంపి గేటుకు తాళం వేయడం మాత్రం పరిష్కారం కాదు. వేధించేవాడిని బయట వదిలి, చదువుకునే పిల్లను బంధించడమే అది. లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ తెచ్చిన 2015 నిబంధనలు ఈ మాట స్పష్టంగానే చెప్పాయి: భద్రతను సాకుగా చూపి విద్యార్థినులకు వివక్షతో కూడిన హాస్టల్ నియమాలు పెట్టకూడదు. తగినంత వెలుతురు ఉండాలనీ, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ఉండాలనీ అవే చెబుతున్నాయి.

నిబంధనలు కాగితం మీద ఉంటే చాలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చినా ఆ బెడద పూర్తిగా పోలేదు. వైస్ చాన్సలర్లు అంతర్గత కమిటీల్లోని విద్యార్థి ప్రతినిధుల స్థానాలకు వెంటనే ఎన్నికలు జరపాలి. స్టేషన్ అధికారులు నెలకోసారైనా ఆ ప్రతినిధులతో కూర్చోవాలి. ఫిర్యాదు ఇచ్చిన విద్యార్థికి దానిమీద ఏం చేశారో చెప్పాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. చేయాలన్న పట్టుదల ఉంటే చాలు.