పురుడు హగరికి ఇవతల... లెక్క అవతల

2024 నవంబరు 9, 10, 11 తేదీల్లో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో 34 మందికి సిజేరియన్ ఆపరేషన్లు జరిగాయి. వాళ్ళలో ఏడుగురు బాలింతలకు తేడా చేసింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఆ వెనకే మిగతా అవయవాలూ. కొందర్ని విమ్స్‌కు తరలించారు. నవంబరు దాటకముందే నలుగురు పోయారు. డిసెంబరు మొదటి వారంలో ఐదో ఆమె కూడా కన్నుమూసింది. ఐదుగురు పసివాళ్ళు తల్లి పాలకు దూరమయ్యారు.

అందరి వేళ్ళూ ఆపరేషన్ అప్పుడు నరానికి ఎక్కించిన సెలైన్ వైపే చూపించాయి. రింగర్ లాక్టేట్ అంటారు దాన్ని. ఏ తాలూకా ఆసుపత్రికి పోయినా స్టాండుకు వేలాడుతూ కనబడే బాటిలే. పశ్చిమ బెంగాల్‌కు చెందిన పశ్చిమ బంగ ఫార్మాస్యూటికల్స్ తయారుచేయగా, కర్ణాటక రాష్ట్ర వైద్య సరఫరాల సంస్థ కొన్న సరుకు. ఆ సరుకు మీద అనుమానం అంతకుముందు నుంచే ఉంది. రాష్ట్ర ల్యాబ్ కొన్ని బ్యాచ్‌లు నాసిరకమంటే, కేంద్ర ల్యాబ్ వాటిలో కొన్ని బాగానే ఉన్నాయంది. ఒకరు కాదన్నది ఇంకొకరు ఔనన్నారు. ఆ రెండు కాగితాల నడుమ నుంచి బాటిళ్ళు వార్డులకు చేరాయి. తర్వాత జరిగింది అందరూ చూసిందే. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ సస్పెండయ్యారు. పరిహారం 2 లక్షల నుంచి 5 లక్షలకు పెరిగింది. బెంగళూరు నుంచి నాయకులు వచ్చారు, ధర్నాలు చేశారు, పోయారు.

అసలు ఆలోచించాల్సింది వేరే ఉంది. ఈ సంగతి బయటికెలా వచ్చింది? ఒకే ఆసుపత్రి, ఒకే మూడు రోజులు, ఏడుగురు. అందుకని వచ్చింది. అదే ఐదుగురు ఐదు తాలూకాల్లో, ఐదు నెలల్లో, ఒక్కొక్కరుగా పోయి ఉంటే ఎవరైనా ఆ బాటిల్ కేసి చూసేవారా? ‘పాపం, కాన్పు కష్టమై పోయింది’ అనేసి ఊరుకునేవాళ్ళు. గుంపుగా చస్తే వార్త, ఒంటరిగా చస్తే రాత! బళ్లారి దెబ్బతో రాష్ట్రమంతటా జరిపిన ఆడిట్‌లో 2024 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు 464 మంది తల్లులు చనిపోయారని తేలింది. వాటిలో 70 శాతానికి పైగా ఆపగలిగిన చావులేనని ఆ ఆడిటే చెప్పింది. మిగతావాళ్ళ కోసం ఎన్ని ధర్నాలు జరిగాయి?

ఇక హగరి సంగతి. ఈ ఏరు రాష్ట్రాల లెక్క చూసుకుని పారేది కాదు. వేదావతిగా చిత్రదుర్గం వైపు నుంచి అనంతపురం జిల్లాలోకి పోతుంది, భైరవానితిప్ప దగ్గర ఆనకట్ట చూసుకుని, మళ్ళీ బళ్లారి నేలకొచ్చి తుంగభద్రలో కలుస్తుంది. హద్దులు గీసింది మనుషులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పాత బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారితో సహా మిగతా తాలూకాలు మైసూరులో కలిశాయి. గీత గీశారు గానీ సంబంధాలు తెగలేదు. ఇప్పటికీ హగరి చుట్టుపక్కల తెలుగిళ్ళలో కోడలు విడపనకల్లు నుంచో బొమ్మనహాళ్ నుంచో వస్తుంది, కూతురు ఆలూరు వైపు పోతుంది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి. అది మన ఆనవాయితీ, ఎవరు కాదన్నా ఆగేది కాదు.

ఆ ఆనవాయితీ దగ్గరే కథ మెలిక తిరుగుతుంది. ఒక అమ్మాయి ఉందనుకుందాం. అత్తిల్లు హగరి పక్కన, పుట్టిల్లు విడపనకల్లు వైపు. నెల తప్పగానే ఇక్కడి పీహెచ్‌సీలో పేరు రాయించారు, తాయి కార్డు ఇచ్చారు. ఎనిమిదో నెలలో పుట్టింటికి పోయింది. అక్కడి ఏఎన్ఎం రిజిస్టర్లో ఆమె పేరు లేదు. ‘మా పిల్ల కాదు’ అని ఇక్కడి ఆశా, ‘మా లెక్కలోది కాదు’ అని అక్కడి ఆశా. ఎవర్నీ తప్పుపట్టలేం, ఎవరికిచ్చిన పట్టీ వాళ్ళ చేతిలో ఉంటుంది. కాళ్ళు వాచాయి, తల పగిలిపోతోందంది. ‘నీళ్ళ వాపులేవే, అందరికీ ఉండేదే’ అంది అమ్మ. ఒక రాత్రి ఫిట్స్ వచ్చాయి. పాతవాళ్ళు గుర్రపువాతమంటారు దీన్ని. బీపీ చూసే మనిషి వారం ముందు ఆ గడప తొక్కి ఉంటే, సమయానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ పడి ఉంటే బతికే ప్రాణం. అనంతపురం దూరం, బళ్లారి దగ్గర. కనుక బండి బళ్లారికే వచ్చింది. దారిలోనో, వార్డులోనో ప్రాణం పోయింది. శవాన్ని అత్తింటికి తేవాలా పుట్టింటికి పోవాలా అని రెండు కుటుంబాలూ మాట్లాడుకున్నాయి. ఆ చావు ఎవరి లెక్కలో పడాలో మాత్రం ఎవరూ మాట్లాడుకోలేదు.

నియమం లేక కాదు. గర్భంతో ఉండగా గానీ, కాన్పో గర్భస్రావమో అయిన 42 రోజుల్లోపు గానీ, దానికి సంబంధించిన కారణంతో చనిపోతే అది మాతృమరణం. ప్రమాదాల్లో పోయినవి ఇందులోకి రావు. కేంద్రం 2010లోనే ఈ మరణాల సమీక్ష మొదలుపెట్టింది, 2017లో మార్గదర్శకాలు మార్చి రాసింది. ఆశా వెంటనే కబురు చెప్పాలి, ఇంటికెళ్ళి ఏం జరిగిందో అడిగి రాసుకోవాలి, జిల్లా ఆరోగ్యాధికారి కమిటీ కూర్చోవాలి, ఆపైన జిల్లాధికారి చూడాలి. కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉంది. 2019లో వచ్చిన సుమన్ పథకం కింద మాతృమరణాన్ని మొదట తెలిపినవాళ్ళకి 1,000 రూపాయలు కూడా ఉన్నాయి. పల్లెల్లో ఆ పథకం పేరు విన్నవాళ్ళని వెతుక్కోవాలి.

ఆ 42 రోజుల్లోనే చాలా చావులు జారిపోతాయి. కాన్పై ఇంటికొచ్చిన ఇరవయ్యో రోజున జ్వరంతో పోతే ‘విషజ్వరం’. ముందునుంచీ రక్తం లేని మనిషి గుండె ఆగిపోతే ‘గుండెపోటు’. కిడ్నీలు పోతే ‘కిడ్నీ కేసు’. కేస్ షీట్‌లో ఆమె బాలింత అన్న మాటే కనబడదు. నెలలు నిండకముందు గర్భం పోయి చనిపోయిన పిల్ల సంగతైతే ఇంట్లోవాళ్ళే మూసిపెడతారు. అందులోనూ ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండకపోతే చెప్పక్కర్లేదు. పెళ్ళి చేసిన పెద్దలకు కేసు భయం.

ఏం మారలేదని అనడం తప్పు. 2001-03లో కర్ణాటకలో ప్రతి లక్ష కాన్పులకు 228 మంది తల్లులు చనిపోయేవారు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 195 మంది. 2018-20 నాటికి కర్ణాటకలో అది 69కి, ఆంధ్రలో 45కి దిగింది. కేరళలో 19. కాన్పులు ఆసుపత్రికి చేరాయి, 108 బండ్లు వచ్చాయి, ఆశాలు తిరిగారు. కాకపోతే దక్షిణాదిలో కర్ణాటకదే పెద్ద అంకె. పైగా ఈ లెక్కలు శాంపిల్ సర్వేవి, రాష్ట్రానికే గానీ జిల్లాకు ఉండవు. బళ్లారిలో ఎంతమంది పోతున్నారన్నది ఎవరైనా చెబితేనే తెలిసేది. చెప్పకపోతే జిల్లా బాగున్నట్టే లెక్క!

మరెందుకు చెప్పరు? భయం. మరణం నమోదైతే డాక్టరుకు మెమో, నర్సుకు విచారణ, ఆశాకు తిట్లు. ఊళ్ళోవాళ్ళు అద్దాలు పగలగొడతారన్న బెంగ ఇంకోటి. అందుకే కింది ఆసుపత్రి ప్రాణం ఊగిసలాడుతున్న కేసుని పైకి రెఫర్ చేసేసి చేతులు దులుపుకుంటుంది, చావు పెద్దాసుపత్రి ఖాతాలో పడుతుంది. కాన్పయ్యాక రక్తం ఆగకుండా పోతుంటే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ రెండు గంటల్లో ఒక గంట రెఫర్ చీటీ రాయడంలో, బండి కోసం చూడడంలో పోతే మిగిలేదెంత? 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ మెడికల్ కాలేజీలో ఒక బాలింత పోయినప్పుడూ అనుమానం ఆ కంపెనీ సెలైన్ మీదికే పోయింది. అక్కడి ప్రభుత్వం 12 మంది డాక్టర్లను సస్పెండ్ చేసింది. తప్పు చేసినవాళ్ళని వదలమని ఎవరూ అనరు. కానీ బళ్లారిలో ఐదుగురు పోయాక కూడా అదే కంపెనీ సరుకు మరో రాష్ట్రంలో వార్డుదాకా ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సస్పెన్షన్ జవాబు కాదు.

బ్రిటన్‌లో 1952 నుంచి ప్రతి మాతృమరణాన్నీ పేర్లు దాచి పరిశీలిస్తున్నారు. ఎవరు చేశారని కాదు, ఎక్కడ చేయి జారిందని అడుగుతారు. మన పక్కనే కేరళలో 2004 నుంచి అక్కడి గైనకాలజిస్టుల సంఘం ఇలాంటి రహస్య సమీక్షే చేస్తోంది. శిక్ష విచారణ ఒక దారి, నేర్చుకునే విచారణ ఇంకో దారి. ఇక్కడ రెంటినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. దాంతో డాక్టర్లు నిజం చెప్పరు, బంధువులు ఎవర్నీ నమ్మరు.

హద్దు దగ్గర చేయాల్సిన పని కొండంతది కూడా కాదు. బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల ఆరోగ్యాధికారులు మూడు నెలలకోసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వచ్చి పోయిన కేసులన్నీ పక్కపక్కన పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. నీళ్ళ పంపకానికి, ఇసుక తగాదాలకి రెండు రాష్ట్రాల అధికారులు కూర్చోవడం లేదా? పుట్టింటికి పోయే గర్భిణి వివరం ఇక్కడి ఏఎన్ఎం అక్కడి ఏఎన్ఎంకు ఫోన్లో చెబితే చాలు, సాఫ్ట్‌వేర్ కోసం ఆగక్కర్లేదు. ఏ రాష్ట్రం కార్డైనా, చేతిలో ఉన్నది గర్భిణి కార్డే కదా! ఇంట్లోవాళ్ళ వంతూ ఉంది. కార్డు బీరువాలో దాచేది కాదు, పిల్లతో పాటు పంపాలి. వాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం చూసి ‘మా రోజుల్లో ఇవన్నీ మామూలే’ అనే అత్తలు, అమ్మలు ఆ రోజుల్లో ఎంతమంది పోయారో ఓసారి గుర్తుచేసుకోవాలి.

జిల్లాధికారి జరిపే సమీక్షకు చనిపోయినామె బంధువుల్ని పిలిచి వాళ్ళ మాట వినాలని నియమాల్లోనే ఉంది. విడపనకల్లు పల్లెలో ఉన్న తల్లిదండ్రులకు బళ్లారి నుంచి ఆ పిలుపు వెళ్ళాలి. వెళ్తే ఏ భాషలో వెళ్తుంది, వాళ్ళు తెలుగులో చెప్పిన మాట ఎవరు రాసుకుంటారు, ఆ రాసింది తిరిగి అనంతపురం చేరుతుందా లేదా అన్నది బళ్లారి జిల్లా యంత్రాంగమే చెప్పాలి.