ఒకరి భారం ఒకరు

తిరువూరు ప్రాంతంలో పత్తి, మిరప వేసేవారికి వాన రాకున్నా కష్టమే, కోత వేళ కురిసినా కష్టమే. వడ్డీ మాత్రం ఆగదు. అటువంటి రాత్రి బైబిలు తెరిచేవారు గలతీయులకు పౌలు వ్రాసిన లేఖలో 6వ అధ్యాయం చూడాలి. ఒకరి భారం మరొకరు మోయాలంటుంది 2వ వచనం. ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది 5వ వచనం. ఇవి పొసగని మాటలు కావు. తన పని తాను చేసుకోవడం ప్రతివారి విధి. విత్తనాలకు డబ్బు లేకో, ఇంట్లో జబ్బు మనిషిని ఆసుపత్రికి చేర్చే దిక్కు లేకో కుంగినవారికి చేయూతనివ్వడం సంఘం విధి. ఆదివారం విన్న వాక్యం సోమవారం పొరుగింటి గడప తొక్కాలి. కష్టంలో ఉన్నవారూ బిడియం విడిచి చెప్పుకోవాలి. సాయమడగడం అవిశ్వాసం కాదు. ఆ వాక్యం ఉన్నదే అందుకు.