గోదారమ్మకు దీపం సరే, మురుగు సంగతేమిటి?

పోయిన కార్తీకంలో ఓ సోమవారం తెల్లవారుజామున అత్తయ్యగారిని తీసుకుని గోదావరి స్నానానికి వెళ్లాను. అరటిదొప్పలో దీపం వెలిగించి నీళ్లలో వదిలాం. రెండు బారలు వెళ్లిందో లేదో, ఊరి కాలవ వచ్చి కలిసే చోట తెట్టు కట్టిన నురగలో చిక్కుకుపోయింది.

"ఏవిటే ఈ కంపు?" అన్నారావిడ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"మన వీధి నీళ్లే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. ఇంటికి తెచ్చుకుందామని పట్టుకొచ్చిన ఇత్తడి చెంబు ఖాళీగానే తిరిగొచ్చింది.

నిజమే కదా! గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టలుతికిన సబ్బు నీళ్లు గుమ్మం ముందు కాలవలో పడితే మన పని అయిపోయిందనుకుంటాం. సెప్టిక్ ట్యాంకు కట్టించాం కాబట్టి ఏ బాధా లేదనుకుంటాం. కానీ చాలా ఇళ్లలో ఆ ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఇంకుడు గుంట ఉండదు. గొట్టం తిన్నగా కాలవలోకే! కాలవ తిన్నగా గోదావరిలోకే! మనం వదిలిన నీళ్లే దిగువ ఊరి వాళ్లు తోడుకుంటారు. ఎగువ ఊరి వాళ్లు వదిలింది మన కుళాయికి వస్తుంది. వేసవిలో ఏరు సన్నబడ్డప్పుడు చూడండి, మురుగు పలచబడే దారే ఉండదు. అప్పుడు నీళ్లు కాచుకోవలసిందీ, వాంతులూ విరేచనాలూ అయిన పిల్లల దగ్గర రాత్రంతా కూర్చోవలసిందీ మనమే.

ఇది మా ఊరి గొడవ ఒక్కటే కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు వస్తుంటే, శుద్ధి అవుతున్నది 2,024 కోట్ల లీటర్లే. అంటే మూడో వంతు కూడా కాదు!

శుద్ధి అంటే బ్రహ్మవిద్యేం కాదు. ముందు చెత్తా చెదారం జల్లెడ పడతారు. బరువైన మడ్డిని అడుక్కి దిగనిస్తారు. తర్వాత నీళ్లలోకి గాలి కొడితే సూక్ష్మజీవులు మిగిలిన మురికిని తినేస్తాయి. చివర క్లోరిన్ కలుపుతారు. అయితే ఆ గాలి కొట్టే మోటార్లు రాత్రింబగళ్లు తిరగాలి. కరెంటు బిల్లు భారమని ఆపేస్తే ప్లాంటు ఉన్నా లేనట్టే. అంత ఖర్చు భరించలేని చిన్న ఊళ్లకు స్థలం ఉంటే వేరే దారి ఉంది. వరసగా చెరువుల్లాంటివి తవ్వి మురుగు నిలవబెడితే, ఎండా నాచూ కలిసి చాలా పని చేసిపెడతాయి.

కాబట్టి "డబ్బుల్లేవు" అనే మాట నేను ఒప్పుకోను. 2015 పుష్కరాలకు ఘాట్లు కట్టడానికి డబ్బు దొరికింది. 2027 పుష్కరాలకూ దొరుకుతుంది. మెట్లకు టైల్సు వేసి, గోడలకు రంగులు పూసి, ఆ మెట్ల పక్కనే మురుగు వదలడం ఏం భక్తి? మెట్లు కాస్త అరిగిపోయినా ఫరవాలేదు, నీళ్లు బాగుండాలి.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మునిసిపల్ సీట్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లకిచ్చింది. పారిశుద్ధ్యాన్ని మునిసిపాలిటీలకు అప్పగించవలసిన పనుల జాబితాలో చేర్చింది. మీ వార్డు కౌన్సిలరు ఓట్లకు వచ్చినప్పుడు బొట్టు పెట్టి పంపించెయ్యకండి. మన మురుగు ఎక్కడ కలుస్తోంది? ప్లాంటు ఉంటే రోజుకెన్ని గంటలు నడుస్తోంది? రేవులో నీటిని ఎప్పుడు పరీక్ష చేయించారు? ఈ మూడూ అడగండి. స్నానపు నీటిలో మలం నుంచి వచ్చే కోలిఫాం క్రిములు 100 మిల్లీలీటర్లకు 2,500 మించకూడదని నియమం ఉంది. ఆ అంకె ఘాటు దగ్గర బోర్డు మీద రాయమనండి.

మన వంతు పనీ ఉంది. వాడేసిన నూనె, అన్నం మెతుకులు తూములో పోయకండి. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు యంత్రంతో తోడించండి, మనిషిని మాత్రం దింపకండి.

వచ్చే కార్తీకానికి అత్తయ్యగారు మళ్లీ చెంబు పట్టుకుని బయల్దేరతారు. ఆ చెంబు నిండా నీళ్లు తెచ్చుకుని ఆవిడ దేవుడి గదిలో పెట్టుకోవాలని నా ఆశ. అది మరీ పెద్ద కోరికంటారా?