పొయ్యిలు పెరిగాయి, పట్టాలు పెరగలేదు

ముస్లింల జనాభా పెరిగిపోతోందన్న మాట ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వింటూనే ఉన్నాం. లెక్కలు మరోలా చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో 4.4గా ఉన్న ముస్లిం మహిళల సంతాన సగటు 2019-21 నాటికి దాదాపు 2.4కు దిగింది. నిజంగా వేగంగా పెరుగుతున్నది జనం కాదు, కుటుంబాల సంఖ్య.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2011 జనగణన నాటికి తెలంగాణ ప్రాంతంలో సుమారు 83 లక్షల కుటుంబాలు, 3.5 కోట్ల జనం. 2024 ఇంటింటి సర్వేలో 1.12 కోట్ల కుటుంబాలు, 3.54 కోట్ల మంది నమోదయ్యారు. లెక్కింపు పద్ధతులు వేరైనా దిశ స్పష్టం. నాలుగు దాటిన కుటుంబ పరిమాణం మూడుకు చేరువైంది. పెద్ద కుటుంబాల్లో పుట్టిన తరం ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుని, చిన్న సంసారాలతో వేరుపడుతోంది.

వేరుపడిన సంసారానికి ఇల్లేది? కరీంనగర్‌లో గానీ, ఆదిలాబాద్, నిర్మల్, భైంసాలలో గానీ మన పాత మొహల్లాలు చూడండి. తాత కట్టిన ఇంట్లోనే అడ్డుగోడలు లేస్తాయి, వరండాపై రేకులు పడతాయి. ఒకే గడపలో మూడు పొయ్యిలు వెలుగుతాయి. చోటు చాలని వారు అద్దెకు వెళతారు. గల్ఫ్ సంపాదన ముందు వీసా అప్పులకు, ఆపై చెల్లెళ్ల పెళ్లిళ్లకు పోతుంది. జాగా కొనే వంతు వచ్చేసరికి ధర చేయి దాటుతుంది.

ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన వారిగా అసలు చిక్కు చెబుతాం. ఇందిరమ్మ పథకం కింద ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. కానీ తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే ప్రాధాన్యం. మన అన్నదమ్ములకు తాత ఇల్లు ఉన్నట్టే లెక్క, విడిగా చూపడానికి గజం జాగా ఉండదు. పన్ను రసీదు నేటికీ చనిపోయిన పెద్దాయన పేరనే వస్తుంది. అటు ఇల్లు లేనివారి కిందా, ఇటు జాగా ఉన్నవారి కిందా లెక్కకు రారు.

కనుక ప్రభుత్వం ఇంటిని కాదు, సంసారాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. పట్టణాల్లో జాగా లేని పేదలకు స్థలమో, కట్టిన ఇల్లో ఇవ్వాలి.

మన వంతు పనీ ఉంది. విరాసత్ పంచకుండా తరాలు గడపడం మనకు అలవాటైంది. ఖురాన్ నిర్ణయించిన వాటాలు, ఆడబిడ్డల వాటాతో సహా, పంచి రిజిస్టర్ చేయించుకోవాలి. పంపకం జరగని ఇంట్లో భర్త పోయిన కోడలే మొదట వీధిన పడుతుంది. మసీదు కమిటీలు జుమా తర్వాత ఒక గంట కాగితాల సహాయానికి కేటాయిస్తే ఎంతో మేలు.

2027 జనగణనకు ముందు ఇళ్ల నమోదు జరుగుతుంది. జనగణన దృష్టిలో ఒకే వంటగదిలో తినేవారే ఒక కుటుంబం. ఇల్లు సొంతమా అద్దెదా, గదులెన్ని, దంపతులెందరు అని అడుగుతారు. మొహమాటంతో మూడు పొయ్యిలను ఒకటిగా చెప్పకండి. దానివల్ల ఎవరికీ నేరుగా ఇల్లు మంజూరు కాదు. కానీ లెక్కలో కనిపించని కొరతకు ఏ బడ్జెట్‌లోనూ చోటుండదు.