ఉద్యమవార్తలు - ఆంగ్లపదములు

ఆంగ్లభాష నభ్యసించు విద్యార్థులు నిఘంటువును వల్లించుటకంటె దినపత్రికను చదువుట మేలని యుపాధ్యాయులు చెప్పుట నేడు సర్వసాధారణమైనది. అందును రాజకీయోద్యమముల వార్తలు మిక్కిలి యుపయోగకరములని పలువురి యభిప్రాయము. దీనితో మే మేకీభవించుచున్నాము. తెలియని మాటకు సందర్భమే గురువు. వీథిలోను, శాసనసభలోను, న్యాయస్థానమునను జరిగినదానిని వరుసగా చదువువానికి మాటయు, దాని వెనుకనున్న పనియు నొక్కసారిగా బోధపడును. అయినను పదమును నేర్చుకొనుట వేఱు. పదముతోగూడ వచ్చు తీర్పును విమర్శింపక స్వీకరించుట వేఱు. ఈ భేదమును మన విద్యార్థులు గుర్తింపవలసియున్నది.

మొదట ప్రయోజనమును విచారింతము. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయచట్టములు వెలువడెను. నవంబరు చివరనుండి రైతులు ఢిల్లీ పొలిమేరలయందు సింఘూ, టిక్రీ, ఘాజీపూరుల కడ నొక యేడాదికి మించి విడిసియుండిరి. 2021 జనవరి 12వ తేదీని సుప్రీముకోర్టు ఆ చట్టముల యమలును నిలిపివేసెను. ఇది 'స్టే'. నవంబరు 19వ తేదీని ప్రధానమంత్రి వానిని వెనుకకు తీసికొందుమని ప్రకటించిరి. ఇది 'విత్‌డ్రాయల్' గూర్చిన వాగ్దానము. 29వ తేదీని పార్లమెంటు ఉభయసభలును రద్దుబిల్లు నామోదించెను. పిమ్మట రాష్ట్రపతి సమ్మతితో నా చట్టములు తొలగెను. ఇది 'రిపీల్'. డిసెంబరు 9వ తేదీని రైతుసంఘములు తమ యుద్యమమును 'సస్పెండ్' చేసితిమనిరి గాని ముగించితిమని యనలేదు.

సంభాషణలో మనము మొదటి మూటిని 'రద్దు' అను నొక్కమాటతో సరిపెట్టుదుము. కాని నిలిపిన చట్టము మరల లేవవచ్చును. ప్రకటన ప్రకటనగనే యుండిపోవచ్చును. శాసనసభ తొలగించినదే నిజముగా తొలగినది. ప్రధానమంత్రి ప్రకటన వినినంతనే రైతులు డేరా లెత్తకపోవుటకు గల కారణములలో నీ భేద మొకటి. నిఘంటువులో నాలుగు పంక్తులుగా కనుపించునది వారికి నాలుగు వేఱువేఱు దినములై యుండెను.

ఉద్యమముల మూలమున నాంగ్లపదములు వ్యాపించుట క్రొత్తగాదు. 1880లో ఐర్లండుదేశమున మేయో మండలమందు, ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటైన కాప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ కౌలుదార్లను వెడలగొట్టబూనగా అచ్చటి జనులు వానితో సర్వసంబంధములను మానుకొనిరి. వాని పేరే క్రియాపదమయ్యెను. ఆ మాటయే 1905లో వంగదేశమున విదేశవస్తు బహిష్కారమునకు పేరయ్యెను. 1921లో చీరాల ప్రజలకు 'మునిసిపాలిటీ' యను మాట యర్థమును చెప్పినది పన్నుల భారము. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వారు ఊరువిడిచి రామనగరమున కాపురముండిరి. 1928లో 'సైమన్ గో బ్యాక్' అను మాటలను ఇంగ్లీషక్షరము రానివారును ఎలుగెత్తి పలికిరి. చెన్నపురిలో టంగుటూరి ప్రకాశముగారు తుపాకుల కెదురుగా రొమ్ము చూపినది ఆ సందర్భముననే. ఆ మాటల యర్థమును జనులకు చెప్పుటకు బడిపంతులక్కఱ లేకపోయెను.

అయితే అధికారుల భాషయు నీ వార్తలలోనే వచ్చును. 1919లో జలియన్‌వాలాబాగున నిరాయుధులపై కాల్పులు జరిగిన పిమ్మట ప్రభుత్వమువారు నియమించిన విచారణసంఘమునకు 'డిసార్డర్స్ ఎంక్వైరీ కమిటీ' యని పేరు. 'క్విట్ ఇండియా' ఉద్యమమును గూర్చి 1943లో వారు ప్రచురించిన గ్రంథము పేరునను 'డిస్టర్బెన్సెస్' అను మాటయే కలదు. ప్రజలకు స్వాతంత్ర్యసమరమైనది పాలకులకు అలజడి యయ్యెను. పేరు పెట్టుటతోనే తీర్పులో సగము ముగిసినది.

నేటి వార్తలందును ఇట్టి మాటలు కలవు. 'క్రౌడ్' అనగా జనసమూహము. 'మాబ్' అనగా అదుపుతప్పిన మూక. రెంటిని సమానార్థకములని వ్రాసికొను విద్యార్థి తెలియకయే యెందఱినో నిందించినవాడగును. 'మైల్డ్ లాఠీ ఛార్జ్' అనుదానిని మనమును 'స్వల్ప లాఠీఛార్జి' యనుచున్నాము; అది స్వల్పమో కాదో దెబ్బతిన్నవాని నెవరడిగిరి? 'షాట్స్ వర్ ఫైర్డ్' అను వాక్యమున కాల్చినవాడు మాయమగును. 'అన్‌లాఫుల్ అసెంబ్లీ' యనునది తిట్టుగాదు. అయిదుగురుగాని అంతకు మించినవారుగాని చట్టము పేర్కొనిన యుద్దేశములలో నొకదానితో కూడినపుడే యది వర్తించును. 1860 నాటి శిక్షాస్మృతి 141వ సెక్షనులోని యీ నిర్వచనము 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షనున నున్నది. ఈ న్యాయము రెండువైపులకును చెల్లును. రాళ్లు రువ్వినవారిని 'పీస్‌ఫుల్' అనుటయు అసత్యమే.

పరుల మాట తన పనికి సరిపడనపుడు క్రొత్తమాటను కల్పించుకొనుట యెట్లో గాంధీమహాత్ముడు చూపెను. దక్షిణాఫ్రికాలో 1906లో ఆరంభమైన పోరాటమునకు మొదట 'పాసివ్ రెసిస్టెన్స్' అను పేరుండెను. అది బలహీనుల యాయుధమను భావమును కల్పించుచున్నదని యాయన దానిని విడిచెను. తన పత్రిక 'ఇండియన్ ఒపీనియన్'లో మంచి పేరునకు బహుమానము ప్రకటింపగా మగన్‌లాల్ గాంధి 'సదాగ్రహ' మని సూచించెను. దానిని మహాత్ముడు 'సత్యాగ్రహ' మని సవరించెను. నేడు ఆంగ్లనిఘంటువులే యా మాటను చేర్చుకొనినవి. హర్తాళు, ధర్నా, ఘెరావు, లాఠీ యను మాటలును అందు చోటు సంపాదించినవి. మన పత్రికలును ఆనాడు సహాయనిరాకరణము, శాసనోల్లంఘనము అను తెలుగుమాటలతో ఊరూరను ఉద్యమార్థమును తెలియజేసినవి. భాషలు ఇచ్చిపుచ్చుకొనును, చేయిచాచుట యొక్కటే మన వంతు గాదు.

కావున ఉపాధ్యాయులకు మా విన్నప మిది. ఒక సంఘటనను గూర్చిన ఆంగ్లవార్తను, తెలుగువార్తను ప్రక్కప్రక్కన నుంచి చదివింపుడు. క్రొత్తమాట వచ్చినచోట అర్థముతోబాటు మఱి మూడు ప్రశ్నలు వేయుడు: ఈ మాట యెవరిది? ఈ వాక్యమున కర్త యెవరు? దీనికి తెలుగున సరియైన మాట యేది? ఈ విధముగా నేర్చిన పది పదములు వల్లించిన నూఱు పదములకంటె మిన్న.

ఇది పరీక్షలలో మార్కుల కొఱకు మాత్రమే గాదు. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి సుప్రీముకోర్టు, హైకోర్టుల వ్యవహారము నేటికిని ప్రధానముగా నాంగ్లముననే నడచుచున్నది. తనపై వెలువడిన యుత్తరువులో 'స్టే' యున్నదో, 'డిస్మిస్' ఉన్నదో తెలియని రైతు తన భూమి దక్కినదో పోయినదో పరుల నడిగి తెలిసికొనవలసినవాడే. అట్టివాని యింటి బిడ్డ నేడు బడిలో పత్రిక చదువుచున్నాడు. వానికి మాటల బరువు తెలిసినచో ఆ యింటివారిని మాటలతో మోసగించుట యెవరికిని సులభము గాదు.