కెమెరా మనది, దారి ఎవరిది?

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి బయటికొచ్చి మెహిదీపట్నం వైపు నాలుగడుగులు వేస్తే, కెమెరా లేని దుకాణం కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. మందుల షాపు, మిఠాయి దుకాణం, బంగారం కొట్టు, ఫంక్షన్ హాలు, దేని గుమ్మం మీద చూసినా ఒక తెల్లటి డోమ్ కెమెరా ఉంటుంది. యజమాని ఇంట్లో కూర్చునో, పెళ్లికి వరంగల్ వెళ్లో ఫోన్‌లో గల్లాపెట్టె చూసుకుంటుంటాడు. ఆ బొమ్మ దుకాణం నుంచి ఫోన్‌లోకి ఏ దారిన వచ్చిందని అడిగితే మాత్రం ‘కెమెరాలు పెట్టినతను ఏదో సెట్ చేశాడు’ అన్న జవాబే వస్తుంది.

ఈ కెమెరాలన్నీ సరదాకు పెట్టుకున్నవి కావు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల తర్వాత, అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఆ చట్టం నిలిచింది. ‘నేను సైతం’ అంటూ పోలీసులు కాలనీల చేత, దుకాణదారుల చేత కెమెరాలు పెట్టించారు. పెట్టమని చెప్పారు, దాచమని చెప్పారు. పెట్టుకున్నవాడు వాటిని దూరం నుంచి చూడాలంటే ఏ దారిన చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పదేళ్లు దాటినా ఆ ఖాళీ అలాగే ఉంది.

మొదట్లో టెక్నీషియన్లు పట్టుకున్న దారి పోర్ట్ ఫార్వర్డింగ్. రౌటర్‌లో ఒక ద్వారం తెరిచి, బయటి ఇంటర్నెట్ నుంచి వచ్చినవాళ్లను నేరుగా డీవీఆర్, అంటే కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె, దగ్గరికి పంపడం అన్నమాట. ఆ ద్వారం యజమానికి ఎలా తెరుచుకుంటుందో, ప్రపంచంలో ఇంకెవరికైనా అలాగే తెరుచుకుంటుంది. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి మూగబోయింది ఇలాంటి పెట్టెల వల్లే. మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లను, కెమెరాలను లక్షల్లో లొంగదీసుకుంది. అది ప్రయత్నించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు మాత్రమే. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపం మరీ ఘోరం. అక్కడ పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి గదిలోని దృశ్యాలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో అమ్మకానికి వచ్చినప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు వారం నిలవలేదు.

ఇప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ చేద్దామన్నా చాలా కనెక్షన్లలో కుదరదు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి 430 కోట్లే. ఆసియా పసిఫిక్ వాటా 2011 ఏప్రిల్‌లోనే దాదాపు ఖాళీ అయింది. దాంతో ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే అడ్రసు వెనక కూర్చోబెడుతున్నాయి. మారని సొంత అడ్రసు (స్టాటిక్ ఐపీ) కావాలంటే అదనంగా కట్టాలి. అందుకే టెక్నీషియన్ డీవీఆర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, కంపెనీ యాప్‌లో కలిపేసి వెళ్లిపోతాడు. రెండు నిమిషాల పని. అప్పటి నుంచి గుడిమల్కాపూర్ గల్లాపెట్టెను ఎవరు చూడవచ్చో తేల్చేది ఎక్కడో ఉన్న కెమెరా కంపెనీ సర్వర్.

మూడో దారి ఒకటుంది. కార్పొరేట్ ఆఫీసులకు అది మామూలే, గల్లీ దుకాణానికే ఇంకా చేరలేదు. సొంత వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగానే మన పరికరాల మధ్య మాత్రమే నడిచే రహస్య దారి.

జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ 2020 మార్చిలో లినక్స్ 5.6తో పాటు కెర్నెల్‌లో భాగమైంది. సుమారు నాలుగు వేల వరసల కోడ్. ఓపిక ఉన్న ఇంజినీరు మొదటి నుంచి చివరిదాకా చదవగలిగినంత చిన్నది. రెండు పరికరాల మధ్య గట్టి ఎన్‌క్రిప్షన్‌తో సొరంగం వేస్తుంది. అయితే ప్రతి పరికరానికీ అవతలి పరికరం పబ్లిక్ కీ ముందే తెలియాలి, కనీసం ఒకదానికి అవతలిది ఎక్కడుందో ఆ చిరునామా కూడా తెలియాలి. రెండు పరికరాలైతే చేత్తో రాసుకోవచ్చు. నలభై దుకాణాలు, నూట యాభై ఫోన్లు అంటే చేత్తో అయ్యే పని కాదు. పైగా ఫోన్ చిరునామా వైఫై నుంచి మొబైల్ డేటాకు మారిన ప్రతిసారీ మారుతుంది.

అక్కడ కావలసింది కోఆర్డినేషన్ సర్వర్. పూల మార్కెట్‌లో కమీషన్ ఏజెంటును చూసినవాళ్లకు దాని పని వెంటనే అర్థమవుతుంది. చేవెళ్ల రైతునూ కొనే వ్యాపారినీ కలిపేది అతనే, పూలగంప మోసేది మాత్రం అతను కాదు. కాకపోతే ఎవరు ఎవరితో, ఎన్ని గంటలకు బేరమాడారో అతని పద్దులో ఉంటుంది. ఈ సర్వర్ కూడా అంతే. కెమెరా బొమ్మలు మామూలుగా దాని గుండా వెళ్లవు. ప్రైవేట్ కీలు పరికరాలు దాటి బయటికి రావు. కానీ ఏ ఫోన్ ఏ దుకాణానికి చెందుతుంది, ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉంది, కొత్తగా ఎవరిని చేర్చాలి అన్న పెత్తనమంతా దానిదే. ఆ సర్వర్ చేతిలో ఉన్నవాడు కావాలనుకుంటే, తన కంప్యూటర్‌ను కూడా ‘మనవాడే’ అని నెట్‌వర్క్‌లో నిలబెట్టగలడు.

2019లో టొరంటోలో మొదలైన టెయిల్‌స్కేల్ కంపెనీ ఈ పనిని బాగా సులువు చేసింది. పరికరాల్లో నడిచే ప్రధాన కోడ్ అందరికీ బహిరంగమే, కోఆర్డినేషన్ సర్వర్ కోడ్ మాత్రం కంపెనీ గుప్పిట్లోనే ఉంది. మంచి కంపెనీ కదా, నమ్మితే ఏమవుతుంది అనుకునేవారికి 2025లో జరిగింది ఒకటి చెప్పాలి. పోలండ్‌లోని ఒక ఉచిత మెయిల్ సర్వీసు వాడే అపరిచితులు ఒకే నెట్‌వర్క్‌లో ప్రత్యక్షమయ్యారు. మెయిల్ డొమైన్ ఒకటే కాబట్టి వాళ్లంతా ఒకే సంస్థ ఉద్యోగులని సిస్టమ్ అనుకుంది. కంపెనీ దాచకుండా ఒప్పుకుని సరిదిద్దింది, అది మెచ్చుకోదగ్గదే. ఎవరు మనవాళ్లో తేల్చే నిర్ణయం మాత్రం ఆ క్షణంలో మనవాళ్ల చేతిలో లేదు.

2020లో హువాన్ ఫాంట్ అనే ఇంజినీరు ఆ మూసిన సర్వర్‌కు బదులు బహిరంగంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. పేరు హెడ్‌స్కేల్. టెయిల్‌స్కేల్ యాప్‌లే వాడుకోవచ్చు, పద్దు మాత్రం మన దగ్గర ఉంటుంది. విచిత్రమేమిటంటే ఈ ప్రాజెక్టును చురుగ్గా చూసే వారిలో ఒకరికి టెయిల్‌స్కేల్ కంపెనీయే ఉద్యోగమిచ్చి, పని వేళల్లో దీని మీద కూర్చోనిస్తోంది. సొంతంగా నడుపుకునే ఔత్సాహికుల కోసం, చిన్న సంస్థల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ ఇదని దాన్ని రాసినవాళ్లే చెబుతారు. ఈ సర్వర్‌ను నడపదగ్గది వీధిలోని వర్తక సంఘం, దాని సైజు సరిగ్గా అంతే.

పెట్టడం ఎంత కష్టం? ఒక జీబీ మెమరీ ఉన్న అద్దె లినక్స్ సర్వర్ చాలు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ల రీజియన్ తెరిచింది కాబట్టి ఆ అద్దె సర్వర్ ఊరు దాటి పోనక్కర్లేదు. నెలకు వెయ్యి రూపాయల లోపే పడుతుంది, నలభై మంది పంచుకుంటే తలా టీ ఖర్చు. ఒక డొమైన్ పేరు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్, ఒక్క కాన్ఫిగరేషన్ ఫైలు. సభ్యుల పట్టీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలులో ఒదిగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెయిల్‌స్కేల్ యాప్ తెరిచి, అకౌంట్ల మెనూలో ‘ఆల్టర్నేట్ సర్వర్’ దగ్గర సంఘం అడ్రసు కొడితే ఆ ఫోన్ కెనడా కంపెనీని కాకుండా సంఘం సర్వర్‌ను అడుగుతుంది.

అసలు తిప్పలు దుకాణంలో మొదలవుతాయి. డీవీఆర్‌లో ఈ యాప్ ఎక్కదు. దాని పక్కన ఒక పాత ల్యాప్‌టాప్‌నో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌నో పెట్టి, ‘ఈ దుకాణం లోపలి నెట్‌వర్క్‌కు దారి నా గుండా ఉంది’ అని సర్వర్‌కు చెప్పించాలి, సర్వర్‌లో దాన్ని ఆమోదించాలి. ఇక్కడో చిక్కుంది. రౌటర్లు చాలావరకు 192.168.1 లేదా 192.168.0 వరసతోనే వస్తాయి, పెట్టినవాళ్లు దాన్ని ముట్టుకోరు. మిఠాయి దుకాణం డీవీఆర్ 192.168.1.10, మందుల షాపు డీవీఆర్ కూడా అదే. రెండూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చేసరికి ఎటు పోవాలో ఫోన్‌కు తెలియదు. సంఘంలో చేరే ప్రతి దుకాణానికి వేరే వరస ఇచ్చి రాసిపెట్టుకోవాల్సిందే. తర్వాత రౌటర్‌లో పాత పోర్టు మూసేయాలి, డీవీఆర్ సెట్టింగుల్లో కంపెనీ క్లౌడ్ ఆప్షన్ తీసేయాలి. ఈ ఆఖరి రెండు పనులు మరిచిపోతే పడ్డ శ్రమంతా వృథా.

సొంత సర్వర్ అనగానే భద్రత దానంతటదే వచ్చేస్తుందని చెప్పేవాళ్లను నమ్మకూడదు. ఎవరు ఎవరిని చేరవచ్చో చెప్పే పాలసీ ఫైలు రాయకపోతే హెడ్‌స్కేల్ నెట్‌వర్క్‌లో అందరూ అందరినీ చేరగలరు. అంటే బంగారం కొట్టు డీవీఆర్ లాగిన్ పేజీ పక్క టిఫిన్ సెంటర్ కుర్రాడి ఫోన్‌లో తెరుచుకుంటుంది. నలభై దుకాణాలను కలిపేటప్పుడు మొదటి రోజే రాయాల్సింది ఆ ఫైలు. ఇంకొకటి, రెండు పరికరాలు నేరుగా కలవలేనప్పుడు డేటా రిలే సర్వర్ల మీదుగా పోతుంది. హెడ్‌స్కేల్ మామూలుగా వాడేది టెయిల్‌స్కేల్ వాళ్ల రిలేలనే. లోపలి బొమ్మ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి భయం లేదు, కానీ పూర్తిగా సొంతం అనుకుంటే అది పొరపాటు. సొంతం కావాలంటే హెడ్‌స్కేల్‌లోనే ఉన్న రిలేను ఆన్ చేసుకోవాలి. ఐఫోన్, విండోస్ యాప్‌ల పైపొర కోడ్ కూడా కంపెనీదే. ఇక సర్వర్ భద్రతలో అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. 2024లో సాక్షాత్తు తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటాయే దొంగల చేతిలో పడింది.

అందుకే ఒక్కో దుకాణదారు ఒక్కో సర్వర్ పెట్టుకోవాలన్న ఉత్సాహవంతుల మాటతో ఏకీభవించడం కష్టం. తెల్లవారకముందే బేరాలకు కూర్చునే మనిషి రాత్రి సర్వర్ లాగ్‌లు చూడడు, చూడమనడం అన్యాయం. సంఘానికి ఒక సర్వర్, దానికి బాధ్యుడైన మనిషి ఒకరు, ఆ మనిషికి జీతం. ఆ మనిషి ఇప్పటికే వీధిలో తిరుగుతున్నాడు కూడా. ఏటా నిర్వహణ రుసుము (ఏఎంసీ) తీసుకుని, నిచ్చెనేసుకుని లెన్సు తుడిచి వెళ్లే కెమెరా టెక్నీషియనే. అతనికి కావలసింది నాలుగు రోజుల శిక్షణ. మాసాబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్, ఇబ్రహీంబాగ్ వాసవి కాలేజీ ఇక్కడికి దగ్గరే. 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చి, ఇప్పుడు తమ కోడ్‌ను తమ గిట్‌ల్యాబ్ సర్వర్‌లోనే దాచుకుంటున్న ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు ఈ ఊళ్లోనే ఉన్నారు. కెమెరాలు పెట్టించడానికి ఊరంతా తిరిగిన పోలీసు శాఖ ఈ శిక్షణకు ఒక హాలు ఇప్పిస్తే తప్పేం లేదు.

ఢిల్లీ నుంచి కూడా ఒక మాట రావాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు, వీపీఎన్ సేవలు అమ్మేవాళ్లు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు ఐదేళ్లు దాచాలన్నాయి. ఆ నిబంధనలు మెడకు చుట్టుకోకముందే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ దేశంలోని సర్వర్లను ఎత్తేశాయి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడిపే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. అదే మినహాయింపు వర్తక సంఘం తన సభ్యుల కోసం నడిపే నెట్‌వర్క్‌కూ ఉందని ఇంకొక్క వాక్యం కలిపితే చిన్నవాళ్లకు ధైర్యం వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి పరీక్షలు పాసైన సీసీ కెమెరా మోడళ్లనే అమ్మాలన్న కేంద్ర నిబంధన మంచిదే. కానీ గోడలకు ఇప్పటికే బిగించి ఉన్నవాటిని అది తాకదు, గుడిమల్కాపూర్‌లో ఉన్నవి ఎక్కువగా అవే.

క్లౌడ్ యాప్ ఉచితంగా పనిచేస్తుంటే ఈ బాధంతా ఎందుకనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు దుకాణంలో పనికి కుదిరి మానేసే కుర్రాళ్ల దగ్గర ఉంది. యజమాని, కొడుకు, బావమరిది, మేనేజరు అందరూ డీవీఆర్‌కు ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటారు. ఎవరో మానేస్తే అందరి ఫోన్లలో మార్చాలి కాబట్టి ఎవరూ మార్చరు. ఆర్నెల్ల కిందట వెళ్లిపోయిన మనిషి ఫోన్‌లో గల్లాపెట్టె ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. సంఘం సర్వర్‌లో ప్రతి ఫోన్‌కూ విడిగా ఒక వరస ఉంటుంది. కార్యదర్శి నెల మొదటి తారీఖున ఆ జాబితాను ఒక్కో యజమానికి చదివి వినిపించి, పేరు చెప్పలేని ఫోన్‌ను తీసేస్తాడు. ఆ ఒక్క ఫోనే తెగిపోతుంది, మిగతావాళ్లు పాస్‌వర్డ్ మార్చుకోనక్కర్లేదు.