రెండవ ప్రతిమ

బేగంపేటలో పాత విమానాశ్రయమునకు చేరువను, వాహనముల రొద నడుమ తలయెత్తి చూచువారు లేని పాతకాలపు భవనమొకటి కలదు. సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను కనుగొన్నది అచ్చటనే. అందులకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. దోమకొక అణా చొప్పున పుచ్చుకొని వానికి తన నెత్తురు నొసగిన జ్వరపీడితుడు హుసేన్ ఖాన్‌కు దక్కినవి ఆ అణాలే. అయినను ఆతని పేరు నేటికిని మనకు తెలియుచున్నదన్నచో, అది వ్రాతలో నిలిచియుండుటయే కారణము.

ఆ దారిని పోవునపుడెల్ల నాకు దోమలు గాక 'నాటు నాటు' పాట జ్ఞప్తికి వచ్చుచుండును. నవ్వకుడు, పని యెవరిది, బహుమానమెవరిది యను చిక్కు రెండింటను ఒక్కటే.

2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 95వ ఆస్కార్ ఉత్సవమున ఒరిజినల్ సాంగ్ విభాగమునకు అయిదు చిత్రముల పాటలు నిలిచినవి. 'టాప్ గన్: మావెరిక్' పక్షమున లేడీ గాగా, 'బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్' పక్షమున రిహానా వంటి లోకప్రసిద్ధ గాయనులు బరిలో నుండగా, 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్', 'టెల్ ఇట్ లైక్ ఎ వుమన్' చిత్రముల పాటలను గూడ వెనుకకు నెట్టి, వేరే విభాగములలో నామినేషనే లేని మన 'ఆర్ఆర్ఆర్' చిత్రపు పాట 'నాటు నాటు' గెలిచినది. 1934 నాటి చిత్రములనుండి నడచుచున్న ఈ విభాగమున నేటి నియమము, పాట ఆ సినిమా కొరకే పుట్టియుండవలెను, గౌరవము దానిని కట్టినవారికే చెందవలెను అనునది. కనుక ప్రతిమలు రెండే వచ్చినవి: ఒకటి స్వరకర్త కీరవాణికి, రెండవది రచయిత చంద్రబోసునకు. గొంతెత్తి పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు గాని, కీవ్ నగరపు రాజప్రాసాదము ముందర ఆ అడుగులు వేయించిన ప్రేమ్ రక్షిత్‌నకు గాని, వేసిన ఎన్టీఆర్, రామ్‌చరణ్‌లకు గాని ప్రతిమ లేదు.

ఇది అన్యాయమని వాదించువారు కలరు. వారి మాట బొత్తిగా కొట్టివేయదగినది కాదు. తెలుగక్షరమెరుగని అకాడమీ సభ్యులను లేపి కూర్చుండబెట్టినవి ఆ అడుగులును, జాతర డప్పు వంటి ఆ నడకయును గాని, పాటలోని జొన్నరొట్టె రుచి గాని పోతురాజు పూనకము గాని కాదని నేనును ఒప్పుకొందును. అయినను నియమమే సరియైనదని నా యభిప్రాయము. ఏలయన ఆ అడుగులన్నియు ఒక మాటనుండి పుట్టినవి. సీమసరకు, సీమదొర అని పరదేశపు వస్తువునకును మనిషికిని పీట వేసిన మన వ్యవహారములో, నాటువైద్యము, నాటుసారా అని ఇంటి సరకును చిన్నచూపు చూచుట పరిపాటి. (సంతలో మాత్రము ఇప్పుడు నాటుకోడి ధర ఫారముకోడిని మించిపోయినది, అది వేరు సంగతి.) చిత్రమున దొరల విందులో దొర యొకడు మనకు నాట్యమే రాదని ఎగతాళి చేసినప్పుడు, ఆ చిన్నచూపు మాటనే ఆయుధముగా ఎత్తి చూపుట కవి చేసిన పని. భూపాలపల్లి వైపు చల్లగరిగె గ్రామమున పుట్టి పెరిగినవానికి ఆ మాట బరువు ఎంతో తెలియును.

మరి మనమేమి చేసితిమి? బేగంపేట మెట్రో మెట్లపై ఎవరినైనను ఆపి ఆ పాట యెవరిదని అడిగినచో, కథానాయకుల పేర్లు ముందు వచ్చును, దర్శకుని పేరు పిదప వచ్చును. కవి పేరు వచ్చుట అదృష్టము. 1957లో మొదలైన వివిధభారతిలో పాటకు ముందు చిత్రము, గానము, రచన, సంగీతము అని తీరికగా చదివెడివారు. సముద్రాల, పింగళి, ఆత్రేయ, ఆరుద్ర అను పేర్లు చదువురాని ఇండ్లలోనికిని ఆ విధముగనే చేరినవి. నేటి ఫోనులో పాట మ్రోగునప్పుడు తెరపై నటుని ముఖము కనబడును. రచయిత ఎక్కడనో నాలుగవ నొక్కు నొక్కినగాని దొరకడు. పాటలను ప్రకటించు ఆడియో సంస్థలును, మా పత్రికలును పాట పేరు వ్రాసిన పంక్తిలోనే కవి పేరును వ్రాయవలెనని కోరుట గొంతెమ్మ కోరిక కాదు.

చంద్రబోసు విషయముననే మరియొక వింత కలదు. 2021 చిత్రములకిచ్చిన 69వ జాతీయ పురస్కారములలో, శ్రీశ్రీ, వేటూరి, సుద్దాల అశోక్ తేజల పిదప, ఉత్తమ గీతరచయితగా ఆయనకు గౌరవము లభించినది. అది 'నాటు నాటు'కు గాదు, 'కొండపొలం' చిత్రములోని పాటకు. అమెరికా మెచ్చిన పాటను మనమందరము ఎరుగుదుము. ఢిల్లీ మెచ్చిన పాటను పల్లవితో సహా చెప్పగలవారు ఈ వీధిలో ఎందరుందురో!

ఆస్కార్ వేదికపై ఆ రాత్రి కీరవాణి తన కృతజ్ఞతను కార్పెంటర్స్ వారి బాణీలో పాడి వినిపించగా, ప్రక్కన రెండవ ప్రతిమను పట్టుకొని నిలిచిన కవి, కేటాయించిన క్షణములు తీరిపోవుచుండగా, 'నమస్తే' అనెను. ఆయనకు దక్కినది ఆ ఒక్క మాట.